చూడ్డానికి వచ్చినవాడు

గడప మీద గొంతుక్కూర్చుని పరుశురాం పళ్లు తోముకుంటున్నాడు. వరండా చివర, రేకు తలుపు వెనక, పుల్లల చీపురు నేలను గీకుతున్న చప్పుడు గరగరమని వస్తోంది. కాసేపు ఆగింది. బకెట్టెడు నీళ్లు భళ్లున పడ్డాయి. మళ్లీ గరగర మొదలైంది. వానకు నానిన గోడల వాసనతో కలిసి బ్లీచింగు పొడి ఘాటు వరండా పొడుగునా పాకింది. సూరత్ గోడాదరాలోని ఆ వరస గదుల వాళ్లందరికీ ఉన్నది ఆ ఒక్క మరుగుదొడ్డే. అందరూ వాడతారు, వంతుల ప్రకారం కడుగుతారు. హోలీ వెళ్లిన దగ్గరినుంచి మాత్రం వంతుల్లేవు, రోజూ పరుశురాం భార్య జమునే కడుగుతోంది.

తలుపు తోసుకుని ఆమె బయటికొచ్చింది. చీర మోకాళ్లదాకా ఎగదోపుకుంది. చేతివేళ్ల సందుల్లో తోలు ఊడి, లోపలి మాంసం లేతగా కనిపిస్తోంది. చీపురును గోడకు ఆనించి అతని పక్కకొచ్చి నిలబడింది.

"మళ్ల మొదలైంది," అంది గొంతు తగ్గించి. "రాత్రి సంది మంట. పొత్తికడుపుల ఒకటే నొప్పి."

"గోళీలు నడిమిట్ల ఇడిసిపెట్టినవా ఏంది?"

"ఏడ ఇడిసిన? అన్ని మింగిన. మింగినప్పుడు తక్కువైతది, మళ్ల వస్తది. గింత కడుగుతున్నా ఎట్ల వస్తుందో నాకైతే సమజైతలేదు."

పరుశురాం నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించాడు. కావలసినదానికంటే ఎక్కువసేపే పుక్కిలించాడు. నోట్లో నీళ్లున్నంతసేపు జవాబు చెప్పక్కర్లేదు.

ఈలోగా ఎదురుగది తలుపు తెరుచుకుంది. భాగీరథి అనే ముసలావిడ గొడుగు, ప్లాస్టిక్ చెంబు పట్టుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ మోపి, మోకాలు పట్టుకుని, దిగింది. వీధి చివర డబ్బులిచ్చి వెళ్లే మరుగుదొడ్డి దాకా ఆమె ఈ వానలో నడవాలి. వరండాలో ఉన్నదాన్ని వాడొద్దని గదుల ఓనరు చెప్పాడు. ఓనరుతో చెప్పించింది జమున. భాగీరథి వాళ్లు గదిలో దిగిన నెలలోనే తనకు ఈ జబ్బు వచ్చింది కాబట్టి, అది వాళ్లు తెచ్చిందేనని ఆమె లెక్క వేసుకుంది. వరండాలో నలుగురి ముందూ నిలబడి "మీ రోగాలు మాకంటిస్తున్నరు" అని అరిచింది కూడా. జమున మామూలుగా అరిచే మనిషి కాదు. మంట మనిషి చేత ఏమైనా అరిపిస్తుంది.

ఇంతకూ ఇదంతా పరుశురాం ఆడిన ఒకే ఒక్క అబద్ధంతో వచ్చింది.

జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు జమున డాక్టర్ విజేత దగ్గరికి వెళ్లింది. మన భాష మాట్లాడే డాక్టరమ్మ అని ఈ వరస గదుల ఆడవాళ్లంతా అక్కడికే వెళతారు. ఆమె నీళ్లు నమలకుండా చెప్పింది: ఇది మొగుడూ పెళ్లాల మధ్య అంటుకునే జబ్బు, ఆయన్నీ పంపు, ఇద్దరూ ఒకేసారి మందులు వాడాలి, లేకపోతే తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. జమున మొగుణ్ని పంపించింది. డాక్టరమ్మ ఇంకా పేరే అడిగింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, పరుశురాం "నేను అసుంటోన్ని కాదు మేడం" అనేశాడు. ఆమె వాదించలేదు. పరీక్ష రాసింది, మర్నాడు గోళీలిచ్చింది, ఒక కాగితమ్ముక్క మీద సదానందం అనే ఆయన ఫోన్ నంబరు రాసిచ్చి, మనసైతే ఒకసారి మాట్లాడమంది.

ఇంటికొచ్చి అతను భార్యతో చెప్పింది వేరు. "నాకేం లేదన్నది. నలుగురు పొయ్యే లెట్రిన్‌ల నుంచి గూడ అంటుకుంటదట." జమున నమ్మింది. అది డాక్టరమ్మ మాట అనుకుని నమ్మింది. విచిత్రమేమిటంటే కొన్నాళ్లకు పరుశురామూ నమ్మాడు. తాను పుట్టించిన అబద్ధానికి తానే జడిసి, లోపలికి వెళ్లేముందు తనూ రెండు చెంబుల నీళ్లు కుమ్మరించేవాడు. అతనికీ మంట ఉండేది. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు.

ఇవాళ ఆదివారం, కార్ఖానా మధ్యాహ్నం దాకానే. టిఫిన్ తిని, చొక్కా తొడుక్కుని అతను బయల్దేరాడు. వీధి మలుపులో భాగీరథి కరెంటు స్తంభం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. చీర అంచంతా బురద.

"డ్యూటీకా బిడ్డా?" అంది. ఆ గొంతులో ఏ కోపమూ లేదు. ఈ మనిషి తననెప్పుడూ ఏమీ అనలేదు కదా అని కావచ్చు.

"ఆఁ అవ్వా," అని అతను వడివడిగా దాటిపోయాడు.

కార్ఖానాలో బట్ట నేసే సాంచాలు మొదలైతే ఇక మనిషి మాట మనిషికి వినపడదు. పరుశురాంకు ఆ మోత అంటే ఇష్టం. మీసాలు రాని వయసులో కోరుట్ల పక్క పల్లె నుంచి వచ్చినప్పుడు రెండు సాంచాలు చూసుకునేవాడు, ఇప్పుడు వరసంతా అతనిదే. పోగు తెగితే ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చి ముడి వేస్తాడు, కండె అయిపోతే మారుస్తాడు, చెమట చొక్కాకు అంటకుండా బనియన్‌తోనే తిరుగుతాడు. ముక్కులో, చెవిలో, కనురెప్పల మీద నూలు నుసి. గట్టి పనివాడని పేరుంది. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి కడుపునొప్పి అని సాంచాలు పక్కవాడికి అప్పగించి మాయమవుతాడని కూడా పేరుంది.

ఆ కడుపునొప్పి ఎటు తీసుకెళ్లేదో అతనికొక్కడికే తెలుసు. స్టేషన్ వైపు ఆటో ఎక్కేవాడు. మొదట్లో దానికొక సాకు ఉండేది: పెండ్లాం ఊళ్లో ఉంటే మొగోడేం చేస్తాడు? బిడ్డ గురుకులంలో చేరాక జమున సూరత్ వచ్చేసింది. సాకు పోయింది, అలవాటు పోలేదు. ఫోను వచ్చాక అది జేబులోకే వచ్చి కూర్చుంది. పనిలో, అన్నం దగ్గర, దేవుడి ముందు కూడా వేళ్లు దానికోసమే వెతికేవి. ఆకలైతే తింటే తీరుతుంది. ఇది గజ్జి లాంటిది, గోకినకొద్దీ పెరిగింది. తిరిగొచ్చేటప్పుడు ప్రతిసారీ ఒట్టు పెట్టుకునేవాడు, ఆటో దిగేసరికి ఒట్టు పాతబడేది. ఆ ఆడవాళ్ల ముఖాలు అతనికి గుర్తుండవు. ఒకామె గదిలో గోడకు చిన్న పిల్లాడి స్కూలు ఫోటో అంటించి ఉంది, అది మాత్రం గుర్తుండిపోయింది. ఆ తర్వాత ఆ గదికి వెళ్లలేదు, పక్క గదికి వెళ్లాడు.

డాక్టరమ్మ ఇచ్చిన గోళీలు కార్ఖానాలో మీటరు డబ్బా మీద ఉన్నాయి. ఇంట్లో పెడితే జమున చూస్తుందని అక్కడ పెట్టాడు. రోజూ వాటిని చూస్తాడు, రోజూ మింగడు. మింగితే ఒప్పుకున్నట్టే కదా. ఇవాళ కూడా సాంచాలు ఆపి చేతులు తుడుచుకుంటూ అటు చూశాడు, చూసి చొక్కా తొడుక్కున్నాడు.

బమ్రోలిలో సదానందానికి చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. ఒకప్పుడు ఆయన కూడా సాంచాల మీదే పనిచేశాడు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, బెంచీలు ఎదురెదురుగా జరిపి పెడతాడు. తల వంచుకుని షట్టరు కింద నుంచి ఒక్కొక్కరే లోపలికొస్తారు. అందరూ ఈ అలవాటు జబ్బున్న మనుషులు, అందరూ మన జిల్లాల వాళ్లే. పద్ధతి ఒకటే: ముందు పేరు చెప్పాలి, తర్వాత ఉన్నది చెప్పాలి. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పకూడదు, అక్కడ విన్నది బయట అనకూడదు.

పరుశురాం ఎండాకాలం నుంచీ వస్తున్నాడు. జబ్బు లేనివాడు ఎందుకొస్తాడని ఎవరూ అడగలేదు. తన వంతు వచ్చినప్పుడల్లా అతనిది ఒకటే మాట: "నా పేరు పరుశురాం. జర చూడనీకి వచ్చిన." చూడ్డానికి వచ్చినవాడు వారం తప్పకుండా చూడ్డానికే వస్తున్నాడు, మూలబెంచీ మీద అందరికంటే ముందే వచ్చి కూర్చుంటున్నాడు. అది అక్కడివాళ్లకు అర్థం కాక కాదు.

ఇవాళ ముందుగా ఓంప్రకాష్ మాట్లాడాడు. రంగుల మిల్లులో పనిచేసే కుర్రాడు, గోళ్లన్నీ నీలం. "పోయిన మంగళారం మళ్ల పోయిన," అన్నాడు సూటిగా. "పండుగ లేదు, లొల్లి లేదు, ఏం లేదు. ఉత్తగనే పోయిన. వచ్చినంక ఏడ్సిన." సదానందం తల ఊపాడు. ఎవరూ ఛీ అనలేదు.

పరుశురాంకు ఎందుకో ఒళ్లు మండింది. "నాకు గిట్ల కాదు," అన్నాడు. "నేను సాల్‌కొకసారి అయ్యప్ప మాల ఏస్త. మండలం దినాలు దాని తెరువుకే పోను. ఫోన్ గూడ ముట్ట. రోగమైతే ఎట్ల ఆగుత చెప్పుండ్రి?"

సదానందం టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆగినవ్ తమ్మీ, నిజమే. మాల తీసిన దినం ఏడికి పోయినవ్?"

పరుశురాం జవాబు చెప్పబోయాడు. గుడి నుంచి తెచ్చిన అరవణ ప్రసాదం డబ్బా జమున చేతికిచ్చి, నుదుటి విభూతి చెరగకముందే ఆటో ఎక్కిన మధ్యాహ్నం అతని కళ్లముందుకొచ్చింది. ప్రతి ఏడూ అంతే. మండలమంతా ఆ మధ్యాహ్నం కోసమే ఓపిక పట్టినట్టు అనిపించి అతనికి సిగ్గేసింది. నోరు తెరిచాడు. ఆ సంగతే చెప్పాలనుకున్నాడు, బయటికొచ్చింది మాత్రం వేరే.

"నా పెండ్లాం లెట్రిన్ కడుగుతుంది," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. అతను మొదటినుంచీ చెప్పాడు. డాక్టరమ్మ మాట, తన మాట, బ్లీచింగు పొడి, తోలూడిన వేళ్లు, మోకాలు పట్టుకుని మెట్లు దిగే ముసలావిడ, తానూ కుమ్మరించే రెండు చెంబుల నీళ్లు. చెంబుల దగ్గరికి వచ్చేసరికి ఓంప్రకాష్ ఫక్కున నవ్వేశాడు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పరుశురామూ నవ్వాడు, నవ్వుతూనే ముఖం మోకాళ్లలో పెట్టుకున్నాడు. పెద్దమనిషి ఏడిస్తే చూడ్డానికి బాగుండదు. వాళ్లు చూశారు, అక్కడినుంచి కదలకుండా చూశారు.

"గోళీలు ఏడున్నయ్?" అన్నాడు సదానందం, ఏడుపు తగ్గాక.

"కార్ఖానాల. మీటర్ డబ్బ మీద."

"పా, తీస్కుందం."

అందరూ ఒకే ఆటోలో ఇరుక్కుని వెళ్లారు. వాచ్‌మన్ తలుపు తీశాడు. గోళీల అట్ట మీద నూలు నుసి మందంగా పేరుకుంది. సదానందం చొక్కా అంచుతో తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, "తారీఖు ఇంకా ఉన్నది," అన్నాడు.

"ఆమెకు చెప్పినంక మింగుత," అన్నాడు పరుశురాం. "ముందు మింగితే మళ్ల దొంగతనమే అయితది."

"చెప్పినంక ఏమైతదో నేనైతే చెప్పలేను తమ్మీ. నేను చెప్పిన్నాడు నా పెండ్లాం చిన్నవ్వ చీపురుకట్ట తీస్కొని కొట్టింది. మస్తు దినాలు మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడతది గని, ముందటి లెక్క కాదు." అట్ట పరుశురాం చేతిలో పెట్టి అన్నాడు, "మేం గల్లీ మొదట్ల కూసుంటం. లొల్లైనా, ఏమైనా, ఆడనే ఉంటం."

గల్లీ మొదట్లో టీ బండి ఉంది. టార్పాలిన్ కింద మిగతా నలుగురూ సర్దుకున్నారు. పరుశురాం ఒక్కడే మెట్లెక్కాడు.

జమున స్టవ్ ముందు కూర్చుని చింతపండు పిసుకుతోంది. పగుళ్లలో పులుపు తగిలి మధ్యమధ్య చెయ్యి విదిలిస్తోంది. అతను గడప దాటి, కూర్చోకుండా, ఒక్క బిగిన చెప్పేశాడు.

"నేను చెప్పింది అబద్ధం. లెట్రిన్ నుంచి రాలే. నా నుంచే వచ్చింది. డాక్టరమ్మ నాకు గూడ గోళీలిచ్చింది, నేను మింగలే. గందుకే నీకు తక్కువైతలేదు."

జమున చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఎవతె?"

"ఒకతె కాదు."

ఆమె అరుస్తుందని అతను ఎదురుచూశాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె చేతులు కడుక్కుంది. కొంగుతో ఒక్కో వేలూ నెమ్మదిగా తుడుచుకుంది.

"నేను కడుగుతుంటే నువ్వు గడప మీద కూసోని చూస్కుంట ఉన్నవ్."

"ఆఁ."

"ఇయాల పొద్దుగాల గూడ."

"ఆఁ."

"పండ్లు తోముకుంట."

అతను తల వంచుకున్నాడు. అతను వెళ్లిన ఆడవాళ్ల గురించి ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి అతను దారిపొడుగునా మాటలు కూడబెట్టుకుని వచ్చాడు. పళ్లు తోముకోవడం గురించి అతని దగ్గర మాటల్లేవు.

జమున లేచి, వరండా దాటి, ఎదురుగది తలుపు తట్టింది. భాగీరథి బయటికి రాగానే వంగి ఆమె కాళ్లు పట్టుకుంది. ముసలావిడ గాబరాపడి వెనక్కి జరిగింది.

"అవ్వా, రేపటి సంది మీరు ఈడనే పోవాలె. ఓనర్‌కు నేను చెప్త. మీ నుంచి ఏం రాలే. తప్పు మా ఇంట్లనే ఉన్నది."

భాగీరథి ఆమె ముఖం చూసింది. ఆమె భుజం మీదుగా, గదిలో నిలబడ్డ పరుశురాం వైపు చూసింది. ముసలి ప్రాణానికి చెప్పకుండానే చాలా తెలుస్తాయి. "లే బిడ్డా, లే," అంటూ ఆ తోలూడిన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, అలాగే పట్టుకుంది.

కడోదరా చౌరస్తా నుంచి సాయంత్రం మన వైపు బస్సు ఉంటుంది. జమున చీరలు సంచిలో కుక్కుకుంది. డాక్టరమ్మ రాసిన చీటీ అడుగున పెట్టుకుంది.

"బిడ్డ కాడికి పోత," అంది.

"నేను గూడ గోళీలు మింగుత జమునా. ఇడిసిపెడుత. ఒక్కన్నే కాదు, మేం కూసుండేకాడ ఉన్నరు, ఆళ్లు నాతోని వచ్చిండ్రు. కిందనే ఉన్నరు."

"ఎవరు?"

"నా అసుంటోళ్లు."

జమున కిటికీ దగ్గరికెళ్లి చూసింది. టార్పాలిన్ కింద నలుగురు మగవాళ్లు వానకు సగం తడుస్తూ, టీ గ్లాసులు చేత్తో పట్టుకుని ఇటే చూస్తున్నారు. ఒకరిది తండ్రి వయసు, ఒకడికి ఇంకా సరిగా గడ్డం రాలేదు.

"గింతమందా," అంది. కిటికీ గట్టు దగ్గర వీపు ఇటు పెట్టి కాసేపు నిలబడింది.

"మళ్ల వస్తవా?" అన్నాడు అతను.

ఆమె సంచి ఎత్తుకుంది. అతను అందుకోబోతే పక్కకు జరిపింది. సంచి రెండో పట్టీ భాగీరథి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టు మీదా ఆగుతూ దిగారు, ముసలావిడ మోకాలి కోసం జమున ఆగింది. జమున ఎక్కిన ఆటో టీ బండి ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ నలుగురూ లేచి నిలబడ్డారు. జమున అటు చూడలేదు. ఆటో మలుపు తిరిగింది.

సదానందం వాళ్లు పైకొచ్చారు. ఆ గదిలోకి వాళ్లు రావడం అదే మొదలు, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడల వెంట నిలబడ్డారు. ఓంప్రకాష్ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. పరుశురాం గోళీలు మింగాడు. గొంతులో అడ్డం పడితే ఇంకో గుక్క తాగాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు, "నా పేరు పరుశురాం. నాకు ఈ రోగమున్నది." సదానందం వీపు నిమిరాడు.

"రేపు డ్యూటీ దిగినంక ఫోన్ చెయ్యి. పోబుద్ధైనా చెయ్యి, పోబుద్ధి కాకపోయినా చెయ్యి. ఆదివారం రా."

"వస్త అన్నా."

వాళ్లు దిగిపోయాక అతను స్టవ్ దగ్గర సగం పిసికిన చింతపండు మీద మూత పెట్టాడు. వాన జల్లు లోపలికి కొడుతుంటే కిటికీ మూయడానికి వెళ్లాడు. గట్టు మీద జమున దగ్గరుండే గది తాళంచెవి ఉంది. పిన్నీసుతో పుస్తెలతాడుకు గుచ్చుకున్న ఆ చెవిని ఆమె ఏనాడూ తీసి ఎరగదు. పిన్నీసు విప్పి చెవి ఒక్కటే తీసేపాటి ఓపిక లేకపోయిందేమో, పిన్నీసుతో సహా అక్కడ పెట్టి వెళ్లింది.